పడమటి గోడ

ఆ వేసవిలో మా నాన్న నలభై మూడు రోజులు మాట్లాడాడు. నాతో కాదు.

నాతో ఆయన మాట్లాడే మాటల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "తలుపేశావా?" "నీళ్లొచ్చాయా?" అంతే. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. ఇద్దరిదీ గోడలు కట్టే పనే. ఊళ్లో ఆయన్ని మట్టి మేస్త్రీ అంటారు, నన్ను సిమెంటు మేస్త్రీ అంటారు. ఆయన పని మానేసి పందొమ్మిదేళ్లయింది. అన్నేళ్లూ అరుగు మీద కూర్చుని వీధిలోకి చూశాడు తప్ప, ఇవాళ ఎక్కడ పని, ఇసక ఎన్ని పాళ్లు కలుపుతున్నావు అని నన్ను ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

అలాంటి మనిషి, మా చెల్లెలి కూతురు బస్సు దిగి వచ్చి, అట్టముక్కలతో చేసిన బొమ్మ ఇల్లొకటి మంచం మీద పెట్టగానే, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. దగ్గరికొచ్చి వంగి చూశాడు.

"గోడ మందం ఎంత?" అన్నాడు.

"అడుగున ఇరవై రెండు అంగుళాలు తాతయ్యా. పైకెళ్లేకొద్దీ పద్దెనిమిదికి తగ్గుతుంది."

"చూరు ఎంత బయటికొచ్చింది?"

"మూడడుగులు."

"చాలదు. నాలుగు పెట్టు."

ఆ పిల్ల జుట్టు ముడిలో గుచ్చుకున్న పెన్సిలు లాగి అట్ట మీద నాలుగు అని రాసుకుంది. నేను తలుపు దగ్గర ఆమె పెట్టె పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాను. దించమని కూడా ఎవరూ అనలేదు.

మా మేనకోడలు ఆర్కిటెక్చరు ఆఖరి ఏడాది చదువుతోంది. ఆఖరి పరీక్ష అంటే కూర్చుని రాసేది కాదట. పల్లెల్లో అక్కడి నేలకీ, గాలికీ, ఎండకీ సరిపోయే కట్టడం ఒకటి గీసి చూపించాలట. గీసి ఊరుకుంటే పోయేది. మా ఊరి రైతుల సంఘానికి ఉత్తరం రాసింది, మీ విత్తనాల గది నేను కట్టి చూపిస్తానని.

సంఘానికి ఆ గది నిజంగానే కావాలి. రేకుల షెడ్డులో పెట్టిన విత్తనం రెండేళ్లుగా ఎండకి ఉడికిపోయి సగానికి సగం మొలవడం లేదు. ఆ గది ఇటుకతో నేను కట్టాలని సంఘం అధ్యక్షుడు ఎప్పుడో మాటిచ్చాడు. "మేస్త్రీ, ఎండాకాలం రానీ, మొదలుపెట్టేద్దాం" అన్నాడు. ఎండాకాలం వచ్చింది. దాని వెనకే ఈ పిల్లా వచ్చింది.

బొమ్మ ఇల్లు చూశాను. వాలు నేలలోకి నడుం లోతు దిగి కూర్చున్న గది. ఉత్తరం వైపు గోడ పైభాగాన సన్నటి కిటికీలు. లోపలి వేడి పైకెక్కి అక్కణ్ణించి బయటపడుతుందట. మట్టి కూడా ఆ స్థలంలో తవ్వి తీసిందే వాడతారట. సిమెంటు ఒక్క తట్ట లేదు.

"మరి గోడ దేంతో నిలబడుతుందే? నీ మీద నమ్మకంతోనా?" అన్నాను.

"నా మీద కాదు మావయ్యా. తాతయ్య మీద," అంది.

లోపల్నించి నా భార్య నవ్వింది. నాన్న కూడా నవ్వాడు. ఆయనకి ముందు పన్ను ఒకటి లేదని నేను ఆ రోజే చూశాను.

*

మర్నాడు పొద్దున్నే తాతా మనవరాలూ మట్టి చూడ్డానికి బయల్దేరారు. నేను పని మీద అటే వెళ్తున్నట్టు బైకు తీశాను. ముళ్లకంప వెనకాల బండి ఆపి, చక్రంలో గాలి చూసుకుంటున్నట్టు కూర్చున్నాను. గాలి నిండుగానే ఉంది.

వాలు మీద మూడు చోట్ల గుంటలు తవ్వించాడు నాన్న. మొదటి గుంటలోంచి పిడికెడు మట్టి తీసి, సీసాలో నీళ్లు చిలకరించి, ఉండ చేశాడు. దాన్నించి కొంచెం గిల్లి పళ్ల మధ్య పెట్టుకుని కొరికాడు.

"ఛీ, తాతయ్యా!"

"కరకరమంటే ఇసక ఎక్కువ. పళ్లకి అంటుకుంటే బంక ఎక్కువ. రెండూ లేకపోతే అది గోడ మట్టి," అని, తుపుక్కున ఉమ్మేశాడు. "ఇది ఇసక."

రెండో గుంట. కొరికాడు, ఉమ్మేశాడు. మూడో గుంట దగ్గర నమిలి ఊరుకున్నాడు.

"ఉమ్మలేదేం?"

"ఉమ్మడానికేముంది ఇందులో?" అన్నాడు. ఆ ఉండని ఆమె అరచేతిలో పెట్టి, తన చేత్తో ఆ వేళ్లని మూశాడు. "నువ్వూ కొరుకు."

ఆ పిల్ల కొరికింది. కళ్లు చికిలించి నమిలింది. నాన్న ఆ నోటి వంకే చూస్తూ నిలబడ్డాడు, పరీక్ష ఫలితం కోసం చూసినట్టు.

పన్నెండేళ్లప్పుడు బడి మానేసి ఆయన దగ్గర మట్టి తట్టలు మోశాను నేను. ఆరేళ్లు మోశాను. ఆ ఆరేళ్లలో ఆయన చెప్పిన పాఠం మూడు మాటలు: ఇటు, అటు, తొందరగా. అందుకే పద్దెనిమిదో ఏట సిమెంటు పనికి పోయాను. అక్కడి మేస్త్రీ కనీసం బూతులు తిట్టేవాడు. ఆ తిట్లలో పని ఉండేది. గోడ మట్టిని పళ్లతో చూస్తారని నేను నలభై ఏడేళ్లొచ్చాక, ముళ్లకంప వెనకాల గొంతుక్కూర్చుని తెలుసుకున్నాను.

ఆ సాయంత్రానికి మా వంటింటి గూట్లో తొమ్మిది గాజు సీసాలు వరసగా చేరాయి. వాటిలో మట్టి, నీళ్లు కలిపి ఊపి పెట్టింది మేనకోడలు. తెల్లారేసరికి అడుగున ఇసక, దాని మీద మెత్తటి మట్టి, ఆపైన తేరిన నీళ్లు. నాన్న నిద్ర లేవగానే కళ్లద్దాలు తుడుచుకుని వాటి ముందు నిలబడేవాడు.

"ఏమండీ, ఆ సీసాలు ఎప్పుడు ఖాళీ చేస్తారో కనుక్కోండి. పప్పులన్నీ కవర్లలో పడున్నాయి," అంది నా భార్య.

"నువ్వే అడుగు."

"నేనెందుకడుగుతాను? పెళ్లై ఇన్నేళ్లయింది, మావయ్యగారు పొద్దున్నే పలకరించడం ఈ వారంలోనే చూశాను. నిన్న నన్ను టీ తాగావా అని అడిగారు." నా మొహంలోకి చూసింది. "మీరేంటి, ఇప్పుడే ఊపి పెట్టిన సీసాలా ఉన్నారు?"

నేను తువ్వాలు దులుపుకుని బయటికొచ్చేశాను.

*

సంఘం ఒక షరతు పెట్టింది. ముందు మనిషెత్తు గోడ ఒకటి నమూనాగా కట్టి చూపించండి, అది చూసి సమావేశంలో తేలుస్తాం అన్నారు.

మట్టి గోడ ఒక్క రోజులో లేవదు. గడ్డి కలిపి తొక్కిన మట్టి ముద్దల్ని మూరెడు ఎత్తు పేర్చి ఆపెయ్యాలి. బొటనవేలు నొక్కితే దిగకూడదు, గోరు గుచ్చితే దిగాలి. అప్పుడే పై వరస. అందాకా ఊరికే కూర్చోవాలి. ఆ కూర్చోవడమే నాకు కంటగింపైంది. ఎక్కడో ఒక చోట ఇటుక పనుండి ఆ దారినే పోతుంటాను. వాళ్లిద్దరూ చెట్టు కింద కూర్చుని ఉంటారు, ఆవిడగారి ఒళ్లో కాగితాల పలక, ఈయన నేల మీద పుల్లతో ఏదో గీస్తుంటాడు. గాలి ఎటు కొడుతుందో, వాన నీళ్లు ఏ వైపు నించి జారతాయో, ఏ గోడకి ఎండ ఎక్కువో చెబుతుంటాడు. ఆయన నోట్లో అన్ని మాటలున్నాయని ఎవరికి తెలుసు?

మూడో వరస ఆరిన రోజు నేను అక్కడే ఉన్నాను. గోడ పక్కలకి పొడుచుకొచ్చిన మట్టిని చెక్కి సమం చేయాలి. నాన్న సంచిలోంచి గుడ్డ చుట్టిన పార తీశాడు.

ఆ పార నాకు తెలుసు. దాని పిడి ఆయన అరచేతికి తగ్గట్టు నడుమ అరిగి ఉంటుంది. పని మానేసిన రోజున గుడ్డ చుట్టి అటక మీద పెట్టాడు. ఒకసారి పాత సున్నం గోకడానికి కావాలని అడిగాను. "అది దానికి కాదు," అన్నాడు. మళ్లీ అడగలేదు.

దాన్ని ఆ పిల్ల చేతిలో పెట్టాడు.

"గోడ వంక చూడకు. పార అంచు వంక చూడు. మోచెయ్యి కదలకూడదు, నడుం కదలాలి. అదీ. అదీ తల్లీ."

అదీ తల్లీ. నా గుండెల్లో ఎవరో గడ్డి కలిపి మట్టి తొక్కుతున్నట్టయింది.

"మావయ్యా, నువ్వూ ఓ చెయ్యి వెయ్యకూడదూ?" అంది ఆ పిల్ల చెమట తుడుచుకుంటూ.

"మాకు చదువు లేదమ్మా. మీరు కానివ్వండి," అన్నాను.

నాన్న నా వైపు చూశాడు. మళ్లీ పార అంచు వైపు తిరిగాడు. నన్నెందుకు రమ్మంటాడు?

అక్కణ్ణించి తిన్నగా టీ కొట్టుకి వెళ్లాను. సంఘం అధ్యక్షుడు బెంచీ మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"మేస్త్రీ, మీవాళ్ల గోడ బానే లేస్తోందటగా?" అన్నాడు.

"లేస్తుంది. లేవడానికేం? మా ఇంటి పడమటి గోడ కూడా లేచింది."

ఆయన గ్లాసు దించాడు. "అవును కదూ. అది వానల్లో పడిపోయింది కదూ? పెద్ద మేస్త్రీ సొంత ఇల్లే అది."

"నేనేమీ అనడం లేదు."

"నువ్వు అనకపోతే మాత్రం. గుర్తొచ్చింది కదా ఇప్పుడు."

నేను టీ తాగేసి లేచాను. అబద్ధం ఒక్క ముక్క చెప్పలేదు. నిజంలో ఒక ముక్క నా దగ్గరే ఉంచుకున్నాను, అంతే.

*

ఆ ముక్క మా పెరట్లో ఉంది. బట్టలుతికే చోట, కాళ్లకి బురద కాకుండా వేసిన పలక. రెండడుగుల పొడవు, అంగుళం మందం. పందొమ్మిదేళ్లుగా దాని మీదే నిలబడి కాళ్లు కడుక్కుంటున్నాం.

సమావేశానికి రెండు రోజుల ముందు, మేనకోడలు జోడుకంటిన మట్టి కడుక్కుంటూ ఆ పలక అంచు కదులుతోందని వంగింది. సరిచేద్దామని తిరగేసింది. తిరగేసి అలాగే ఉండిపోయింది.

వెనక వైపు పలక నిండా గడ్డిపోచల అచ్చులు. నడుమ తుప్పు పట్టిన ఇనప జాలీ, కోళ్ల గూళ్లకి కొట్టేది. అది రాయి కాదు. గోడ మీంచి ఊడిన సిమెంటు పూత.

నేను అరుగు మీద ఇనప తట్టకి అతుకు వేస్తున్నాను. ఆ పిల్ల నా వైపు చూసింది. తర్వాత ఇంటి గోడల వైపు చూసింది. పడమటిది తర్వాత లేపిన ఇటుక గోడ. తూర్పు, ఉత్తరం, దక్షిణం, మూడింటికీ అదే సిమెంటు పూత. అడుగున ఉబ్బిన చోటల్లా నేను ఏటేటా ఇంకో పూత వేసి సరిచేసిన మచ్చలు.

ఇరవై రెండేళ్ల కిందటి మాట. ఈ పిల్ల పుట్టిన ఏడాది. పసిబిడ్డని తీసుకుని చెల్లెలు వస్తోందని, ఇల్లు నున్నగా కొత్తగా కనబడాలని, నాన్న వేరే ఊళ్లో పనికెళ్లిన పది రోజుల్లో మట్టి గోడలన్నిటికీ జాలీ కొట్టి సిమెంటు పూశాను. ఎవరి చేతి కిందా కాకుండా నేను సొంతంగా చేసిన మొదటి పని. నాన్న తిరిగొచ్చాడు. పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. "ఎప్పుడు పూశావు?" అన్నాడు. చెప్పాను. లోపలికెళ్లిపోయాడు. బాగుందని అనలేదు, బాలేదనీ అనలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు నాకు.

మూడేళ్లకి, గాలివాన నేరుగా కొట్టే పడమటి గోడ కూలింది. నేల నించి పైకెక్కిన తడి, పగుళ్లలోంచి దిగిన తడి బయటికి పోయే దారిలేక గోడని లోపల్లోపల నానబెట్టేసింది. పొద్దున వెళ్లి చూస్తే సిమెంటు పలకలు పలకలుగానే ఉన్నాయి, లోపలి మట్టి మాత్రం బురద. చూడగానే నాకు అర్థమైంది. నాన్నకీ అర్థమైంది. ఊరికి మాత్రం ఒక్కటే అర్థమైంది: మట్టి మేస్త్రీ సొంత గోడే నిలబడలేదు. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ పనికి పిలవలేదు. అందరూ నన్ను పిలిచారు. ఆ గోడ పడ్డాకే నా పని లేచింది.

"తాతయ్యా," అని పిలిచింది మేనకోడలు. నాన్న వచ్చాడు. "ఇదేంటి?"

నా చేతిలో సుత్తి ఆగిపోయింది.

నాన్న పలక వంక చూశాడు. "ఏదో పెచ్చులే అమ్మడూ. తిరగేసి పెట్టెయ్, మీ అత్త బట్టలుతుక్కోవాలి."

ఆ పిల్ల తిరగేసి పెట్టింది. ఆ పూట అన్నం దగ్గర నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అచ్చం వాళ్ల తాతే.

*

సమావేశం సంఘం ఆఫీసు గదిలో. ముప్ఫై మంది దాకా వచ్చారు. మేనకోడలు గోడకి కాగితాలు అంటించి అరగంట చెప్పింది. ఎండ ఏ నెలలో ఎటు నించి పడుతుందో, రేకుల షెడ్డు లోపల ఎంత వేడి, మట్టి గది లోపల ఎంత వేడి, అన్నీ. విన్నారు. తలలూపారు. నమూనా గోడని గుద్ది చూసి వచ్చినవాళ్లు చెయ్యి నొప్పెట్టిందని నవ్వారు.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "గోడ బాగుందమ్మాయ్. కాదనడం లేదు. ఒక్క మాట అడగాలి. పెద్ద మేస్త్రీ, మీ సొంతింటి పడమటి గోడ ఎందుకు పడిపోయింది?"

ఆ పిల్ల లేచి నోరు తెరిచింది. నాన్న చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. ఆయన ఒక్క మాట అంటే చాలు. సిమెంటు పూశాడు, తడి పట్టేసింది, అంతే. గది కట్టడం ఖాయమవుతుంది. నేను ఊళ్లో తలెత్తుకోలేను.

"తప్పు నాదే," అన్నాడు నాన్న. "పునాదిలో రాయి ఒక వరస తక్కువేశాను. తడి పైకెక్కింది."

"మరి మిగతా మూడు గోడలు నిలబడ్డాయిగా?" అంది ముందు వరసలోని ఒక రైతు ఇల్లాలు.

నాన్న కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనకి అబద్ధం అల్లడం రాదు. "ఏదో అదృష్టం," అన్నాడు.

"అదృష్టం మీద విత్తనాలు పెట్టలేం కదా, పెద్ద మేస్త్రీ," అన్నాడు అధ్యక్షుడు, నొచ్చుకుంటూనే.

"పెట్టలేం," అని నాన్న ఒప్పుకున్నాడు.

"అయితే ఇటుకతోనే కానిద్దాం. ఏమనుకోకమ్మాయ్. మేస్త్రీ, ఎల్లుండి పునాదికి ముగ్గు పోస్తావా?"

"పోస్తాను," అన్నాను.

బయటికొచ్చేసరికి ఎండ ఇంకా ఉంది. వాళ్లిద్దరూ ముందు నడుస్తున్నారు. పది అడుగుల వెనక నేను. కాగితాల గొట్టం నేల మీద ఈడ్చుకుంటూ నడుస్తోంది ఆ పిల్ల. అది ఓడిపోయింది. నేను గెలిచాను. ఇంటికెళ్లి కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు అనుకుంటున్నాను.

"ఎందుకలా చెప్పావు తాతయ్యా? ఆ పెచ్చు ఏంటో నాకు తెలుసు. నాకు తెలుసని నీకూ తెలుసు."

"తెలుసు."

"మరి?"

నాన్న నాలుగడుగులు వేశాడు. "వాడు సొంతంగా చేసిన మొదటి పని అది," అన్నాడు. ఇంకో రెండడుగులు. "ఎంత నున్నగా తీశాడో. చెయ్యి పెడితే జారిపోయేది. ఆ వయసులో నాకంత నున్నగా రాలేదు."

నేను ఆగిపోయాను. వాళ్లు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా రోడ్డు మధ్యలో నిలబడ్డాను. వెనక నించి ఎవరో బండి హారను కొట్టి తిట్టి పోయారు.

ఇరవై రెండేళ్లు ఆ మాట ఆయన దగ్గరే ఉంది. నేను ఒకే ఇంట్లో, ఆయన పళ్లెం పక్కన పళ్లెం పెట్టుకుని తిన్నాను. చివరికి ఆ మాట కూడా ఆ పిల్లకే ఇచ్చాడు.

*

మర్నాడు పొద్దున్నే టీ కూడా తాగకుండా సుత్తి, ఉలి తీసుకుని వీధి వైపు గోడ ముందు నిలబడ్డాను. మంచితనం అనుకునేరు, కాదు. ఆ మాట నా ఎదురుగా అనిపించాలని మొండి పట్టుదల, అంతే. ఎలా అనిపించాలో తెలియదు. చేతిలో ఉన్న పని అదొక్కటే.

నడుం ఎత్తులో ఉలి పెట్టి కొట్టాను. నా పూత గట్టిది. మూడు దెబ్బలకి గానీ లొంగలేదు. పెచ్చు ఊడి కాళ్ల దగ్గర పడింది. వెనక మట్టి నల్లగా, చెమట పట్టినట్టు మెరుస్తోంది.

"ఏవండీ, మతి పోయిందా? ఉన్న ఇల్లు పడగొడతారా?" నా భార్య పరిగెత్తుకొచ్చింది. వీధిలో ఒకరిద్దరు ఆగారు. బైకు మీద వెళ్తున్న అధ్యక్షుడూ ఆగాడు.

"ముగ్గు రేపు కదా మేస్త్రీ. ఇవాళ సొంతింటి మీద పడ్డావేంటి?"

"వేలు పెట్టండి," అన్నాను.

"ఎక్కడ?"

"అక్కడే, మట్టిలో. పెట్టండి."

ఆయన చూపుడు వేలు గుచ్చాడు. రెండో కణుపు దాకా దిగింది. తీసి చూసుకున్నాడు. "మండుటెండల్లో ఇంత తడేంటి?"

"సిమెంటు పూస్తే మట్టి గోడకి ఊపిరాడదు. తడి లోపలే ఉండిపోతుంది. పడమటి గోడకీ ఇదే పూత వేశాను. నేనే వేశాను. పునాదిలో రాయి ఎక్కడా తక్కువ లేదు. ఇక్కడ తవ్వి లెక్కపెట్టుకోండి."

"మరి పెద్ద మేస్త్రీ నిన్న..."

"అబద్ధం చెప్పాడు. జన్మలో ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి మీరంతా నమ్మారు."

అధ్యక్షుడు నన్నూ, తన వేలినీ మార్చి మార్చి చూశాడు. ఆగినవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇది ఊరంతా పాకడానికి గంట పట్టదు. నేను మళ్లీ ఉలి పెట్టాను, ఈసారి ఇంకా కింద.

"పైనించి రా."

వెనక్కి తిరిగాను. నాన్న గడపలో నిలబడి ఉన్నాడు. ఆయన వెనక మేనకోడలు, జుట్టు విరబోసుకుని, పెన్సిలు లేకుండా.

"కిందనించి కొడితే పై పలక మొత్తం నీ మీద పడుద్ది. పైనించి రా," అన్నాడు.

నేను వెళ్లి నిచ్చెన తెచ్చుకున్నాను.

*

విత్తనాల గది మట్టితోనే లేచింది. చూరు నాలుగడుగులు. పునాది రాయి నేను కట్టాను. ఆ పనికి ఆ పిల్ల నా దగ్గర సలహా అడిగింది కూడా, మర్యాదకే అనుకోండి. వాళ్ల కాలేజీ నించి ముగ్గురు మాస్టార్లు వచ్చి, గది లోపల నిలబడి, బయట ఎండలో నిలబడి, మళ్లీ లోపలికెళ్లి, ఆ చల్లదనానికి ముచ్చటపడి పాసు చేశారు. గోడ కొలతలు గీసిన కాగితం చివర ఏదో రాసి ఉంటే కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. "ఈ గోడలకు ఎప్పటికీ సిమెంటు పూయరాదు. సమాచారం: మావయ్య."

"నీ పరీక్ష కాగితంలో నా పరువు తీశావు కదే," అన్నాను.

"తాతయ్య పేరు గోడ దగ్గర రాశాను. నీదెక్కడ రాయను మరి?" అంది.

బస్సు స్టాపు దాకా నేనే దింపాను. భుజానికి సంచి, చేతిలో గుడ్డ చుట్టిన పార. తాతయ్య ఇచ్చేశాడట. ఆ సంగతి రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"మావయ్యా, పెచ్చులు కొట్టిన మూడు గోడలకీ వానలు పడేలోపు మట్టి పూత పడాలి. తాతయ్యని అడిగి చెయ్యి."

"ఆయన చెప్పడు."

"నువ్వు ఎప్పుడైనా అడిగావా?"

"నువ్వు బస్సెక్కు," అన్నాను.

ఆమె వెళ్లాక నాన్న మళ్లీ అరుగెక్కాడు. మళ్లీ తలుపేశావా, నీళ్లొచ్చాయా. నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు పడమటి వైపు మబ్బు కట్టింది. నా ఇల్లు మూడు వైపులా చర్మం వలిచినట్టుంది. గునపం తీసుకుని వాలు మీదికెళ్లి, తట్టెడు మట్టి తవ్వి తెచ్చి, ఉండ చేసి, ఆయన ముందు పట్టుకుని నిలబడ్డాను.

నాన్న నన్ను చూశాడు. ఉండని చూశాడు. కొంచెం గిల్లి నోట్లో వేసుకున్నాడు. ఉమ్మేశాడు.

"ఇసక."

ఇంకో చోట తవ్వి తెచ్చాను. ఉమ్మేశాడు.

"బంక."

ఆ పిల్లకి మూడో గుంటకే దొరికింది. నాకు ఐదు తట్టలయ్యాయి. ఉక్కపోత, చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఊళ్లోవాళ్లు చూస్తూ పోతున్నారు, సిమెంటు మేస్త్రీ మట్టి ఉండలు చేసుకుంటున్నాడని. ఆరో ఉండ చేశాను. ఆయన కొరికాడు. నేను ఎదురుగా గొంతుక్కూర్చుని ఆయన నోటి వంకే చూస్తున్నాను. నమిలాడు. మబ్బు వంక చూశాడు. ఇంకా నమిలాడు.

ఉమ్మలేదు.